పాత బ్యాగుకు కొత్త రంగు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో మా అమ్మ హ్యాండ్‌బ్యాగుకు బాల్కనీలో కూర్చుని రంగు వేసుకున్న సంగతి నాలుగు వాక్యాలు రాశాను. దానికి వచ్చినన్ని ప్రశ్నలు ఆవకాయ గురించి రాసినప్పుడు కూడా రాలేదు. చాలామంది అడిగింది ఒకటే: "ఏ రంగు కొనాలి?" అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ముందు మీ బ్యాగు ఏమిటో తెలియాలి. గుంటూరులో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇరవై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పిన అలవాటు నాకింకా పోలేదు. కాబట్టి అక్కడక్కడా కాస్త పాఠంలా అనిపిస్తే సర్దుకోండి.

మేడమ్, మా అత్తగారు ఇచ్చిన లేత గోధుమరంగు లెదర్ బ్యాగు ఒకటుంది. పట్టీలు మాసి నల్లబడ్డాయి, ముందు భాగం ఎండకు వెలిసింది. మొత్తం నలుపు చేసేద్దామని ఉంది. డై వేయాలా, పెయింట్ వేయాలా? రెండూ ఒకటేలే అంటున్నారు మావారు.
– ఒక గృహిణి, రాజమండ్రి

మీవారికి చెప్పండి, గోరింటాకూ నెయిల్ పాలిషూ ఒకటైతే ఇవీ ఒకటే. గోరింటాకు చర్మంలోకి దిగుతుంది. గీకితే రాదు, కానీ కింద ఏముందో దాన్ని పూర్తిగా దాచదు కూడా. డై అలాంటిది. నెయిల్ పాలిష్ గోరు మీద పొరలా కూర్చుంటుంది. కింద ఏ రంగున్నా కప్పేస్తుంది, సరిగ్గా పట్టకపోతే పెచ్చుగా లేస్తుంది. పెయింట్ అలాంటిది.

మీ బ్యాగుకు ఏది పనికొస్తుందో ఒక్క నీటిచుక్క చెబుతుంది. అడుగున, ఎవరికీ కనపడని చోట, చుక్క వేసి రెండు నిమిషాలు ఆగండి. తోలు నీటిని తాగి అక్కడ ముదురు రంగు మచ్చ పడితే డై కూడా అలాగే దిగుతుంది. చుక్క ముత్యంలా నిలబడిందంటే పైన ఫ్యాక్టరీవాళ్లు వేసిన పూత ఉన్నట్టు. ఈ రోజుల్లో షాపుల్లో దొరికే బ్యాగుల్లో ఎక్కువ భాగం ఈ రెండో రకమే. ఆ పూతను తీయకుండా ఎంత ఖరీదైన డై వేసినా తామరాకు మీద నీళ్లు పోసినట్టే.

పూత తీయడానికి అసిటోన్. నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దు, వాటిలో కొన్నింటిలో నూనెలు కలుస్తాయి, కొన్నింటిలో అసలు అసిటోనే ఉండదు. చేతులకు గ్లవ్స్ వేసుకుని, దూది తడిపి ఒకే దిక్కుగా తుడుచుకుంటూ రండి. దూదికి గోధుమరంగు అంటుకుంటుంది. చాలామంది అక్కడ టెన్షన్ పడి ఆపేస్తారు. ఆపొద్దు, పని జరుగుతోందనడానికి అదే గుర్తు. మెరుపు పోయి తోలు మసకగా, కాస్త పొడిగా కనిపించాలి. మళ్లీ నీటిచుక్క వేసి చూడండి. ఇప్పుడు ఇంకితే సరే. ఇంకా ముత్యంలా నిలబడితే ఇక డై మాట మర్చిపోండి, పెయింట్ దారిలోకి రండి. ఆ సంగతి కింద హైదరాబాద్ అమ్మాయికి చెప్పాను.

ఒక హెచ్చరిక. అసిటోన్ ఆవిరికి నిప్పు రవ్వ చాలు. వంటింట్లో, దేవుడి దీపం వెలుగుతున్న గదిలో ఈ పని పెట్టుకోకండి. నేను బాల్కనీలో చేస్తాను. పక్క ఫ్లాట్‌వాళ్లు ముక్కు మూసుకుంటారు, మావారు పేపర్ పట్టుకుని లిఫ్ట్ ఎక్కి కిందికి వెళ్లిపోతారు.

ఇక డై. అమెరికాలోని మిల్వాకీలో 1895 నుంచి ఉన్న ఫీబింగ్స్ కంపెనీది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 4 ఔన్సుల సీసా, అంటే దాదాపు 118 మిల్లీలీటర్లు, మామూలు సైజు బ్యాగుకు సరిపోతుంది. జిప్పుకూ కొక్కేలకూ మాస్కింగ్ టేప్ అంటించండి. లోపల పాత గుడ్డలు కుక్కి బ్యాగు నిండుగా నిలబడేలా చేయండి. పాత బనియన్ గుడ్డను డైలో ముంచి, పిండి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు రుద్దండి. బ్రష్ వాడితే గీతలు పడతాయి. గోధుమరంగు మీద నేరుగా నలుపు వేస్తే ఎండలో చూసినప్పుడు అడుగు నుంచి ఎర్రటి ఛాయ తొంగిచూస్తుంది. ముందు ఒక వాయి ముదురు నీలం వేసి, అది ఆరాక నలుపు వేస్తే కాకినలుపు వస్తుంది. తోలు పనివాళ్లకు ఇది పాత చిట్కా.

కుట్లు మాత్రం నల్లబడవు. ఇప్పటి బ్యాగుల దారం పాలిస్టర్, దానికి ఈ డై పట్టదు. నల్లటి బ్యాగు మీద గోధుమరంగు కుట్టు నాకైతే బాగుంటుంది. నచ్చకపోతే సన్నటి బ్రష్‌తో నల్ల పెయింట్ దిద్దుకోవచ్చు, ఓపిక ఉండాలి.

ఒక రోజంతా ఆరనివ్వండి. ఇక్కడినుంచి నా సొంత గోల. తొమ్మిదేళ్ల కింద మొదటిసారి ఇదంతా చేసి, ఆరింది కదా అని ఆ బ్యాగు భుజాన వేసుకుని మే నెలలో తెనాలిలో పెళ్లికి వెళ్లాను. కట్టుకున్నది మీగడరంగు మంగళగిరి చీర. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి చంక కింద నుంచి నడుము దాకా జానెడు వెడల్పున నల్లటి పట్టీ. చెమట తగిలి తోలు మీద మిగిలిపోయిన డై అంతా చీరకు ఎక్కింది. నేను చేయనిది ఒక్కటే, ఆరాక తుడవడం. పొడి తెల్లగుడ్డతో రుద్దుతూనే ఉండాలి, ఆ గుడ్డకు రంగు అంటడం మానేదాకా. నాకు ఒక్కోసారి అరగంట పడుతుంది. ఆ తర్వాత డై వల్ల ఎండిపోయిన తోలుకు కాస్త, అంటే వేలికొనతో తీసుకున్నంత, లెదర్ కండిషనర్, అంటే తోలును మెత్తబరిచే క్రీము, పట్టించి ఇంకో రోజు ఆగి, పైన లెదర్ ఫినిషర్, అంటే రంగును కాపాడే పూత, పల్చగా రెండుసార్లు. ఫినిషర్ లేకుండా బ్యాగును బయటికి తీయకండి, అందులోనూ మన ఎండల్లో.

నా ఎర్ర లెదర్ బ్యాగు బాగానే ఉంది కానీ ఆ రంగు బోర్ కొట్టింది. క్రీమ్ కలర్ చేయొచ్చా? యూట్యూబ్‌లో పది నిమిషాల్లో చేసి చూపించారు.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, హైదరాబాద్

ఆ పది నిమిషాల వీడియోలో కట్ చేసిన నాలుగు రోజుల గురించి చెబుతాను.

డైతో ఇది కాని పని. లేత రంగు నుంచి ముదురు రంగుకే డై ప్రయాణం. ఎర్ర తోలును ఏ డై తెల్లబరచదు. గోధుమరంగు మీద నీలం డై వేసిన ఒకమ్మాయికి ఊరి చెరువులో పాచి రంగు వచ్చింది, ఆమె నాకు ఫొటో కూడా పంపింది. కింది రంగు ఎప్పుడూ లెక్కలో ఉంటుంది.

మీకు కావలసింది తోలు కోసం తయారైన యాక్రిలిక్ పెయింట్. ఏంజెలస్ అనే పాత అమెరికన్ కంపెనీది, 1907 నాటిది, స్నీకర్లకు బొమ్మలు వేసే కుర్రాళ్లు ఎక్కువగా వాడతారు. స్టేషనరీ షాపులో దొరికే మామూలు యాక్రిలిక్ రంగు బ్యాగుకు వేయకండి. అది కాన్వాసు కోసం చేసింది, గోడకు వేలాడుతుంది, వంగాల్సిన అవసరం లేదు. బ్యాగు మూత రోజుకు ఎన్నిసార్లు వంగుతుందో లెక్కేసుకోండి. మడత దగ్గర మొదటి వారంలోనే బీటలు వస్తాయి.

పని మొత్తం అసిటోన్‌తో తుడవడంలోనే ఉంది, పైన రాశాను. తుడిచాక 600 నంబరు ఉప్పుకాగితంతో చాలా తేలిగ్గా ఒకసారి రుద్ది, దుమ్ము తుడవండి. ఎరుపు మీద నేరుగా క్రీమ్ వేస్తే గులాబీ రంగు పాయసంలా ఉంటుంది. ముందు లేత బూడిదరంగు ఒకటి రెండు పూతలు వేసి ఎరుపును చంపండి, ఆ తర్వాత క్రీమ్. పెయింట్‌లో కొద్దిగా నీళ్లు కలిపి, పాలమీద మీగడ ఉన్నంత పల్చగా నాలుగైదు పూతలు వేయాలి. ఒక్కో పూతకు మధ్య ఇరవై నిమిషాలు. మొదటి రెండు పూతలు చూస్తే ఏడుపొస్తుంది, మచ్చలు మచ్చలుగా అసహ్యంగా ఉంటుంది. అప్పుడే చాలామంది దట్టంగా మూడో పూత పూసేస్తారు. ఆత్రగాడికి బుద్ధి మట్టు అన్నది అక్కడ సరిపోతుంది. దట్టమైన పొర పైన ఆరి, లోపల మెత్తగా ఉండి, వంచగానే పగులుతుంది.

మడతలు పడే చోట మూత తెరిచి ఉంచి ఒక పూత, మూసి ఉంచి ఒక పూత వేయండి. అంతా అయ్యాక ఫినిషర్ వేసి, కనీసం ఒక వారం ఎక్కడా ఆనకుండా వేలాడదీయండి. చేత్తో తాకితే ఆరినట్టే ఉంటుంది కానీ లోపల ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. ఇంతా చేసినా పట్టీల దగ్గర, చేయి ఆనే చోట, కొన్ని నెలలకు ఎరుపు కనిపించొచ్చు. మిగిలిన పెయింట్ పారేయకండి, దిద్దుకోవడానికి పనికొస్తుంది. నన్నడిగితే ఎర్ర బ్యాగును ముదురు మెరూన్ చేసుకోండి. సగం శ్రమ, రెండింతలు మన్నిక. కానీ మీరడిగింది క్రీమ్ కాబట్టి క్రీమ్ గురించే చెప్పాను.

ఆంటీ, మూడేళ్ల కింద కొన్న "లెదర్" బ్యాగు. రెండేళ్లు బీరువాలో కవర్లో భద్రంగా దాచాను. మొన్న తీస్తే పైపొర పొట్టులా రాలిపోతోంది. చేతికి జిగురు కూడా. రంగు వేస్తే ఆగుతుందా?
– డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

ఆగదమ్మా. అది తోలు కాదు. పైన పటారం, లోన గుడ్డ. నిజమైన తోలు ఎండుతుంది, పగులుతుంది, బూజు పడుతుంది కానీ ఇలా పెద్ద పెద్ద పొరలుగా లేచి కింద నేతగుడ్డ కనిపించదు. మన ఇళ్లలో ఇలాంటివన్నీ రెక్సినే. రెక్సిన్ అన్నది నిజానికి ఒకప్పటి బ్రిటిష్ కంపెనీవాళ్ల కృత్రిమ తోలుగుడ్డకు పెట్టిన పేరు. కంపెనీ పోయినా పేరు మన నోట మిగిలింది. ఇప్పుడొచ్చేవి ఎక్కువగా గుడ్డ మీద పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూసినవి.

పాలీయూరిథేన్‌లో కొన్ని రకాలకు గాల్లో తేమే శత్రువు. నీటి ఆవిరి ఆ పొడుగాటి అణువుల గొలుసులను మెల్లగా తెంపుతుంది. దాన్ని జలవిశ్లేషణ అంటాం, ఇంటర్‌లో నువ్వూ చదివే ఉంటావు. వాడినా, వాడకపోయినా అది జరుగుతూనే ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టి దాస్తే లోపలి తేమకు బయటికి దారి లేదు, ఇంకా త్వరగా జరుగుతుంది. విశాఖలాంటి సముద్రపు ఊళ్లో చెప్పేదేముంది. నువ్వు భద్రంగా దాచడమే దానికి ముహూర్తం పెట్టింది.

రాలుతున్న పొర మీద రంగు వేస్తే రంగుతో సహా రాలుతుంది. పొర మొత్తం గీకేసి గుడ్డసంచిలా వాడుకోవచ్చు, లేదా కొక్కేలూ గొలుసూ తీసి దాచుకో, అవి వేరే బ్యాగుకు పనికొస్తాయి. ఇకపై కొనేటప్పుడు అంచు ఎక్కడైనా కోసినట్టు కనిపిస్తే చూడు. తోలు అంచులో పీచు ఉంటుంది, రెక్సిన్ అంచులో గుడ్డా దానిమీద ప్లాస్టిక్ పొరా విడివిడిగా కనిపిస్తాయి. నిప్పంటించి వాసన చూడమని ఎవరైనా చెబితే వినకు. షాపువాడు ఊరుకోడు.

బూట్ల పాలిష్‌తో హ్యాండ్‌బ్యాగుకు రంగు వేయొచ్చా? చవక కదా.
– ప్రభుత్వోద్యోగి, కరీంనగర్

పాలిష్ అంటే మైనం, కాస్త రంగు. బూటు ఎవరి చీరకూ ఆనదు కాబట్టి చెల్లుతుంది. బ్యాగుకు రాస్తే వేడికి మైనం మెత్తబడి చొక్కాకు అంటుతుంది. చిన్న గీతలు దాచడానికి ఒక చుక్క పరవాలేదు, రుద్ది రుద్ది తుడిచేయండి. ఇంకొక మాట, తర్వాత ఎప్పుడైనా డై గానీ పెయింట్ గానీ వేయాలనుకుంటే ఆ మైనమంతా ముందు వదిలించాలి. అదొక పెద్ద పని. నా దగ్గరికి వచ్చే "ఎందుకు పట్టలేదు?" ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ పాలిష్ డబ్బాలోనే ఉంటుంది.

అమ్మా, మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. కలంకారీ నేర్చుకుంటున్నాను. రంగు వేయని మామూలు తోలు సంచి ఒకటి దొరికింది. కెమికల్ లేకుండా, మేం గుడ్డకు వేసినట్టే, తోలును నల్లగా చేయొచ్చా?
– ఒక యువతి

మీ ప్రశ్న చదివి నిజంగా సంతోషమేసింది. చేయొచ్చు. ఎలాగో మీకు సగం తెలుసు కూడా. కెమికల్ లేకుండా అన్నారు కానీ మీరు రోజూ చేస్తున్నది అచ్చమైన కెమిస్ట్రీ.

గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచుతారు కదా. కరక్కాయలో వగరు ఉంటుంది, అంటే టానిన్. ఆ గుడ్డ మీద తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టి తీసిన కసిమితో గీస్తే గీత నల్లబడుతుంది. కసిమికి సొంతంగా అంత నలుపు లేదు. అందులోని ఇనుము, గుడ్డలోని వగరుతో కలిసినప్పుడు పుడుతుంది ఆ నలుపు.

ఇప్పుడు తోలు దగ్గరికి రండి. దక్షిణాదిలో తోళ్లు పదును చేసింది, అంటే పచ్చితోలును కుళ్లకుండా నిలిచే తోలుగా మార్చింది, తరతరాలుగా తంగేడు చెక్కతో, కరక్కాయతో. మన బతుకమ్మలో పెట్టే తంగేడే. అలా చెట్టుచెక్కతో పదును చేసిన తోలులో వగరు ముందే నిండి ఉంటుంది. మీరు వేరే కరక్కాయ పట్టించనక్కర్లేదు, ఇనుము ఒక్కటి అందిస్తే చాలు. ఇనుప పీచును సబ్బునీళ్లతో కడిగి జిడ్డు వదిలించి, గాజుసీసాలో తెల్ల వెనిగర్‌లో వేయండి. వారం ఉంచండి. మూత బిగించకండి, హైడ్రోజన్ బుడగలు వస్తాయి, సీసా పగులుతుంది. తర్వాత గుడ్డతో వడకట్టి తోలుకు పూయండి. మీ కళ్లముందే నిమిషాల్లో బూడిదరంగు, ఆపై నలుపు తిరుగుతుంది. నలుపు చాలకపోతే ముందు చిక్కటి టీ డికాక్షన్ పూసి, ఆరాక మళ్లీ ఇది పూయండి. టీలో ఉన్నదీ ఆ వగరే. చివర్లో వంటసోడా కలిపిన నీళ్లతో తుడిస్తే పులుపు విరుగుతుంది. ఆరాక కొద్దిగా నూనె పట్టించండి, లేకపోతే తోలు బిరుసెక్కుతుంది. ఇది తోలులోనే పుట్టిన రంగు కాబట్టి డైలాగా చీరకు ఎక్కదు.

కానీ ఒక చిక్కుంది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ తోళ్లు పదునయ్యేది క్రోమియం లవణాలతో. అందులో వగరు ఉండదు, ఇనుపనీళ్లు పోస్తే మురికి మచ్చ తప్ప ఏమీ రాదు. మీ సంచి ఏ రకమో తెలియాలంటే కనపడని చోట ఒక్క చుక్క పెట్టి చూడండి. నల్లబడితే మొత్తం చేయండి. శాంతినికేతన్ సంచి, అంటే రంగుల అచ్చు పని చేసిన బెంగాలీ తోలుసంచి, ఉండి దానికి చేద్దామనుకునేవాళ్లకు మాత్రం నా మనవి: వద్దు. అదీ చెట్టుచెక్క తోలే, నల్లబడుతుంది. కానీ ఆ రంగుల అచ్చు పని మొత్తం నలుపులో మునిగిపోతుంది.

మేడమ్, డల్లాస్‌లో ఉంటున్నాం. జనవరిలో గరాజ్‌లో కూర్చుని బ్యాగుకు పెయింట్ వేశాను. మూడు రోజులైనా గీరితే పొడిలా వస్తోంది.
– ఒక పాఠకురాలు, అమెరికా

చలి. యాక్రిలిక్ పెయింట్‌లో నీళ్లు ఆరుతూంటే సన్నటి రేణువులు ఒకదానితో ఒకటి అతుక్కుని పొర కావాలి. పది డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉంటే అవి సరిగ్గా అతుక్కోవు, పొడిగానే మిగిలిపోతాయి. తుడిచేసి ఇంట్లో, కిటికీ పక్కన మళ్లీ వేయండి. గరాజ్‌లో గ్యాసు వాటర్ హీటర్ ఉంటే అక్కడ అసిటోన్ సీసా మూత కూడా తీయకండి.

రంగు వేసిన బ్యాగును ఎలా దాచాలి? నాది ప్లాస్టిక్ కవర్‌లో పెడితే కవర్ అంటుకుపోయి రంగుతో ఊడింది.
– ఉపాధ్యాయిని, నెల్లూరు

వారం ఆరకముందే పెట్టి ఉంటారు, పైగా ప్లాస్టిక్. ఊడిన చోట మాత్రం అసిటోన్‌తో అంచులు సమం చేసి, పల్చగా రెండు మూడు పూతలు దిద్దుకోండి. మొత్తం మళ్లీ చేయనక్కర్లేదు. ఈసారి లోపల పాత గుడ్డలు కుక్కి, పాత నూలు గలీబులో వేసి, గాలి ఆడే అరలో పెట్టండి. వర్షాకాలంలో పదిహేను రోజులకోసారి తీసి నీడలో గాలికి పెట్టండి. రెండు బ్యాగులు ఒకదానికొకటి ఆనకూడదు.

మా అమ్మ బ్యాగు నేను అలాగే పెట్టాను. ఆ గలీబు తెనాలి పెళ్లికి కట్టుకున్న మంగళగిరి చీరలోంచి కుట్టించిందే. నల్ల పట్టీ ఇంకా ఉంది, ఎన్ని ఉతుకులైనా పోలేదు.